గ్యారేజీలోకి వస్తున్నది ఏ నీరో ముందు తేల్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. విశాఖ మధురవాడలో కొండవాలు మీద 200 గజాల స్థలంలో ఇల్లు. పక్కనే కారు గ్యారేజీ, దాని వెనక భాగం కొండని తొలిచి కట్టారు. గట్టి వాన పడితే లోపల రెండు మూడు అంగుళాల నీళ్ళు నిలుస్తున్నాయి. వెనక గోడకి అడుగు ఎత్తు దాకా తెల్లగా ఉప్పు పడుతోంది. రోడ్డు కొత్తగా వేసినప్పటి నుంచి గేటు వైపు నుంచి కూడా నీళ్ళు లోపలికే వస్తున్నాయి. ఫ్లోరింగ్ ఆరు అంగుళాలు లేపి, గోడకి వాటర్‌ప్రూఫ్ కోటింగ్ కొట్టి, పైన ఎపాక్సీ వేద్దామని తాపీమేస్త్రి అంటున్నాడు. చేయించాలా, వద్దా?

ఇప్పుడే చేయించకండి. ఆ మూడు పనుల్లో ఏదీ నీళ్ళు రాకుండా ఆపదు. వచ్చిన నీళ్ళు కొన్నాళ్ళు కనిపించకుండా చేస్తాయి, అంతే. విశాఖలో కొండవాలు ఇళ్ళ పునాదులు, గోడల పనులు చాలా ఏళ్ళుగా చేయిస్తున్నాను. గ్యారేజీలో నీళ్ళని ఫోన్ వచ్చిన ప్రతిసారీ నేను మొదట అడిగేది ఒకటే: అది ఏ నీరు? పైకప్పు నుంచి పడేదా, రోడ్డు మీద నుంచి దొర్లేదా, మట్టిలోంచి ఊరేదా? మూడింటికీ మందు వేరు. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే డబ్బు పోతుంది, నీళ్ళు మాత్రం మిగులుతాయి. మీరు చెప్పిన దాన్నిబట్టి మీ ఇంట్లో మూడూ ఉన్నట్టున్నాయి. కానీ ఏది ఎంత అన్నది మీరే చూసి తేల్చాలి, ఫొటోలు చూసి నేను చెప్పలేను.

చూడటం కష్టమేమీ కాదు. వచ్చే వానకి షట్టర్ ఎత్తి, గొడుగు పట్టుకుని అక్కడే నిలబడండి. వాన మొదలైన పది పదిహేను నిమిషాల్లోనే నీళ్ళు వచ్చేస్తే అది పైకప్పుదో రోడ్డుదో. ఎటు నుంచి పాయ కడుతోందో కంటికే కనిపిస్తుంది, ఫోన్‌లో వీడియో తీసుకోండి. వాన తగ్గిన కొన్ని గంటల తర్వాత వెనక గోడ మొదట్లో తడి మొదలై, రెండు రోజులు ఎండ కాసినా అలాగే ఉంటే అది ఊట. ఫ్లోరింగ్ మీద తడి ఎక్కడిదాకా వచ్చిందో గంట గంటకీ సుద్దతో గీత గీసి, పక్కన టైము రాయండి. ఒక్క వానకి ఇలా రాసుకున్న కాగితం, తర్వాత ఎవరికి పని అప్పజెప్పినా చాలా పనికొస్తుంది.

మన ఊరికి ప్రత్యేకంగా ఇంకో చిక్కు ఉంది. సముద్రపు గాలి వల్ల ఉక్కపోత రోజుల్లో చల్లటి సిమెంటు గచ్చుకి చెమట పడుతుంది. దాన్ని ఊట అనుకుని వేలకు వేలు ఖర్చు పెట్టేవాళ్ళున్నారు. అదో ఇదో తేల్చడానికి రెండడుగుల చదరం ప్లాస్టిక్ షీటు ఒకటి నేల మీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో అంటించి, ఒక రోజు వదిలేయండి. షీటు కింద తడి చేరితే నీరు నేలలోంచి వస్తోంది. షీటు పైన మాత్రమే తడి ఉంటే అది గాలిలోది, దానికి గాలి ఆడే ఏర్పాటు చాలు.

మరొకటి. మే నెల ఎండల్లో కూడా వెనక గోడ తడిగా ఉంటుందా? ఉంటే అది వాన నీరు ఒక్కటే కాదు. పై స్థలం వాళ్ళ నీళ్ళ సంపో, కుళాయి పైపో, సెప్టిక్ ట్యాంకో కారుతుండాలి. వాసన వస్తే అనుమానమే అక్కర్లేదు. వాసన లేకపోతే, వాళ్ళని అడిగి సెప్టిక్ ట్యాంకులోకి వెళ్ళే నీళ్ళలో రంగు కలిపి, అది మీ గోడకి వస్తుందేమో చూడవచ్చు. సంపు అయితే, రాత్రి మోటారు, కుళాయిలు కట్టేసి నీటిమట్టం గుర్తు పెట్టుకుని పొద్దున్న చూస్తే తెలిసిపోతుంది. ఇది తేలకుండా డ్రైనేజీ పని మొదలుపెట్టకండి.

ఇక పనులు. పైకప్పుతో మొదలుపెట్టండి, అన్నిటికంటే తక్కువ ఖర్చు, వెంటనే ఫలితం. ఒక్క మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకి ఒక లీటరు నీళ్ళు. వెయ్యి చదరపు అడుగుల డాబా అంటే సుమారు 93 చదరపు మీటర్లు. గంటలో 50 మిల్లీమీటర్లు కురిసిందంటే 4,650 లీటర్లు, అంటే చిన్న నీళ్ళ ట్యాంకరు ఒకటి మీ వాకిట్లో గుమ్మరించినట్టే. వాయుగుండం పట్టిన రోజున మన దగ్గర ఆ మాత్రం వాన వింతేమీ కాదు. డాబా నీళ్ళ పైపు గ్యారేజీ ముందు వాకిట్లోకి వదిలేసి ఉంటే ముందు దాన్ని కట్టిపెట్టాలి. గ్యారేజీ రేకులకి చూరు గట్టర్ లేకపోతే పెట్టించండి. ఈ నీళ్ళని 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపులో, నూటికి ఒకటి వాటంతో (నూరడుగులకి ఒక అడుగు దిగేలా), ఎక్కడా మట్టికి తగలకుండా నేరుగా పల్లం వైపు బయటకి తీసుకెళ్ళండి. ఆ వాటంలో ఆ పైపు సెకనుకి ఆరు లీటర్ల పైనే లాగుతుంది, వెయ్యి అడుగుల డాబాకి గంటకి 100 మిల్లీమీటర్ల వాన పడినా సరిపోతుంది. మూల తిరిగిన ప్రతిచోటా ఒక చిన్న ఛాంబర్ ఉండాలి, లేకపోతే ఆకులు ఇరుక్కున్నప్పుడు పైపు పగలగొట్టుకోవాలి. ఈ పైపుని భూగర్భ మురుగు లైనుకి మాత్రం కలపకండి. వానలో ఆ మ్యాన్‌హోల్ పొంగితే మురుగు మీ వీధిలోకే వస్తుంది.

ఇప్పుడు వెనక గోడ. మీ సమస్యకి అసలు గుండె ఇదే కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

మన కొండలు ఖొండలైట్ రాయి. పైన అది శిథిలమై ఎర్రమట్టిగా మారి ఉంటుంది, కింద గట్టి రాయి. వాన నీరు వదులు మట్టిలోంచి దిగి, గట్టి రాయి తగిలాక ఇక కిందికి పోలేక, రాతి మీదుగా వాలు వెంట నడుస్తుంది. ఇల్లు కట్టడానికి వాలుని నిలువుగా తొలిచామంటే ఆ నీటి దారిని మధ్యలో కోసినట్టే. అందుకే తొలిచిన చోట ఊట దిగుతుంది. గోడ కట్టేసినంత మాత్రాన నీరు ఆగదు, వెనకాల పేరుకుంటుంది. గోడ వెనక ఒక మీటరు ఎత్తున నీరు నిలిస్తే, గోడ పొడవులో ప్రతి మీటరు మీదా అర టన్ను తోపు పడుతుంది. రెండు మీటర్లు నిలిస్తే ఒక టన్ను కాదు, రెండు టన్నులు. ఎత్తు రెట్టింపయితే తోపు నాలుగింతలు. ఇది మట్టి తోపు కాక అదనం. 2025 ఏప్రిల్ 30న సింహాచలంలో చందనోత్సవం వేళ, వానలో కొత్త గోడ కూలి ఏడుగురు భక్తులు ప్రాణాలు కోల్పోయారు. కొండవాలు మీద, వాన పడుతున్నప్పుడు గోడ పక్కన మనుషులు ఉంటారన్నది మనం ఎప్పుడూ మరిచిపోకూడదు. మీ గ్యారేజీలో పిల్లలు సైకిళ్ళు పెట్టుకుంటారని రాశారు. అందుకే ఉప్పు మరకల కంటే ముందు గోడని చూడండి. మధ్యలో ఉబ్బిందా? అడ్డంగా పగులు ఉందా? పైభాగం ఇటు వాలిందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ సమాధానం ఇక్కడితో ఆపి, స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలిపించండి. ఆయన చూసేదాకా కారు బయటే పెట్టండి, పిల్లల్ని అటు వెళ్ళనివ్వకండి.

గోడ నిటారుగా, పగుళ్ళు లేకుండా ఉంటే చేయాల్సింది నీటిని అడ్డుకోవడం కాదు, దానికి దారి ఇవ్వడం. మేస్త్రి చెప్పిన కోటింగ్ గోడకి ఇవతలి వైపున పడుతుంది. నీరు అవతల నుంచి తోస్తుంది. ఆ తోపుకి కోటింగ్ ఒకటి రెండు వానాకాలాల్లో పొక్కులు లేచి ఊడిపోతుంది. ఒకవేళ గట్టిగా నిలబడినా అది మరీ ప్రమాదం, ఎందుకంటే చెమ్మగా బయటికి వస్తున్న ఆ కాస్త నీరు కూడా వెనకే పేరుకుంటుంది.

గోడ వెనక మూడడుగుల జాగా మీదే అయితే మంచి పద్ధతి ఒకటుంది. గోడ వెంట కందకం తవ్వి, అడుగున జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపే గుడ్డ) పరిచి, రంధ్రాలున్న నాలుగంగుళాల పైపుని నూటికి ఒకటి వాటంతో వేసి, చుట్టూ 20 లేదా 40 మిల్లీమీటర్ల కంకర నింపి, గుడ్డని పైనుంచి మడిచి కప్పాలి. పైపు అడుగు మీ గ్యారేజీ గచ్చు కంటే కిందికి ఉండాలి, లేకపోతే నీరు గచ్చు కిందికే చేరుతుంది. రంధ్రాలు కిందికి తిప్పి పెట్టాలి. చాలామంది పైకి పెడతారు, అప్పుడు పైపు ఎత్తు దాకా నీరు నిండితేగానీ లోపలికి రాదు. గుడ్డని పైపుకి మాత్రమే చుట్టకుండా మొత్తం కంకరకి చుట్టాలి. మన ఎర్రమట్టిలో సన్నటి ఒండ్రు ఎక్కువ, గుడ్డ లేకపోతే కంకర సందులు త్వరగా పూడిపోతాయి. కంకర బదులు ఇటుక ముక్కలు పోస్తామంటే ఒప్పుకోకండి, అవి నాని పొడి అవుతాయి. పైన ఒక అడుగు మందం మాత్రం మామూలు మట్టి కొట్టి, దాని మీద సిమెంటు కాలువ వేయించండి. కొండ మీద నుంచి జారే పైనీరు ఆ కాలువలో పోవాలి, కింది పైపులోకి దిగకూడదు. డాబా పైపుని ఈ రంధ్రాల పైపుకి ఎట్టి పరిస్థితిలోనూ కలపకండి. కలిపితే వేల లీటర్ల నీటిని మీ చేత్తో మీరే గోడ వెనక మట్టిలోకి పంపినట్టు.

ఈ తవ్వకం గురించి గట్టిగా చెప్పాలి. గోడ పునాది అడుగు కంటే లోతుకి తవ్వనివ్వకండి. మొత్తం పొడవు ఒకేసారి తెరవకుండా, ఆరేసి అడుగులు తవ్వి, పైపు వేసి, పూడ్చి, తర్వాతి భాగానికి వెళ్ళాలి. నాలుగడుగుల లోతు దాటితే పక్కలకి పలకలు, దుంగలు ఆనించకుండా మనిషిని దింపకూడదు. తడిసిన ఎర్రమట్టి చప్పుడు లేకుండా జారుతుంది. కూలీకి వచ్చిన మనిషి ప్రాణం మీ గ్యారేజీ కంటే చాలా ఎక్కువ.

వెనక జాగా మీది కాకపోతే, 200 గజాల స్థలాల్లో చాలా మటుకు అంతే, లోపలి నుంచే చేయాలి. గోడ మొదలు నుంచి ఆరు అంగుళాల ఎత్తులో, ఐదేసి అడుగుల ఎడంతో, మూడంగుళాల వీప్ హోల్స్, అంటే వెనక నీరు బయటికి వచ్చే రంధ్రాలు, తీయించండి. సమ్మెటతో కొట్టించకండి, కోర్ కటింగ్ మెషీన్ తెప్పించండి. కాంక్రీటు గోడ అయితే ఊచలు తెగకుండా చోటు ముందే ఇంజనీరు చేత గుర్తు పెట్టించాలి. ప్రతి రంధ్రంలో పీవీసీ ముక్క, ఇటువైపు కాస్త వాలుగా, అవతలి చివర జియోటెక్స్‌టైల్ చుట్టి పెట్టాలి. మట్టి కొట్టుకురాకుండా నీరు మాత్రమే రావాలి. గోడ మొదట్లో నాలుగంగుళాల వెడల్పు సన్న కాలువ ఒకటి తీసి, ఆ నీటిని ముందుకి నడిపించండి. గోడలోంచి నీళ్ళు కారుతుంటే మొదట్లో చూడటానికి బాగోదు. అయినా ఆ ధార కనిపించడమే మీకు మేలు. వానలో ఒక రంధ్రం ఎండిపోయి ఉంటే అది పూడుకుందని వెంటనే తెలుస్తుంది.

పై స్థలం వారితో గొడవ పెట్టుకోకండి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం, పై భూమి మీద పడి సహజంగా పారే నీటిని కింది భూమి యజమాని పారనివ్వాల్సిందే. అయితే వాళ్ళ డాబా నీళ్ళని పైపు పెట్టి మీ గోడ మీదికి వదలడం సహజంగా పారడం కాదు. అలా ఉంటే వెళ్ళి మర్యాదగా చెప్పండి, పైపు తిప్పే ఖర్చులో సగం మీరు పెట్టుకున్నా మీకే లాభం.

గేటు సంగతి తేలిక. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో పాత ఇళ్ళన్నీ పల్లమైపోయాయి, ఇది మీ ఒక్కరి బాధ కాదు. గేటు గీత మీద మూడు నాలుగు అంగుళాల గట్టు వేయించండి. రెండు వైపులా మూడేసి అడుగుల వాలుతో ఉంటే మామూలు కారు అడుగు తగలదు. ర్యాంపుని మీ స్థలంలోనే ముగించండి. రోడ్డు పక్క కాలువ మీదికి పోశారంటే పై ఇళ్ళ నీళ్ళన్నీ అక్కడ ఆగి మళ్ళీ మీ గేటుకే వస్తాయి. గట్టుకి లోపల, షట్టరుకి ముందు, అన్నిటికంటే పల్లంగా ఉన్న చోట అడ్డంగా జాలీ కాలువ పెట్టాలి. ఎనిమిదంగుళాల వెడల్పు, ఒక చివర ఆరంగుళాల లోతు, 12 అడుగుల పొడవుకి ఇంకో చివర ఒకటిన్నర అంగుళం ఎక్కువ. జాలీ పట్టీలు కాలువకి అడ్డంగా ఉండాలి, పొడవునా ఉంటే కారు బరువుకి వంగుతాయి. ఉప్పు గాలికి మామూలు ఇనుము పెయింటు వేసినా నిలవదు. హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి పూత) చేసినదో, పోత ఇనుముదో తీసుకోండి. రెండేసి అడుగుల ముక్కలుగా చేయిస్తే ఒక్కరే ఎత్తి శుభ్రం చేసుకోవచ్చు.

ఇంత చేసి, ఆ నీళ్ళన్నీ ఎక్కడికి పోవాలి అన్నది చాలామంది చివర్లో ఆలోచిస్తారు. ముందే చూసుకోవాలి. గట్టి వానలో వీధి కాలువలో నీటిమట్టం ఎంత ఎత్తుకి వస్తోందో గుర్తు పెట్టుకోండి. మీ పైపు నోరు దాని కంటే కింద ఉంటే నీళ్ళు వెనక్కి తన్నుకొస్తాయి. కొద్ది తేడా అయితే పైపు చివర ఒక నాన్ రిటర్న్ ఫ్లాప్, అంటే నీటిని బయటికే వదిలి వెనక్కి రానివ్వని మూత, పెడితే చాలు. పూర్తిగా పల్లమైతే మూడడుగుల చదరం, మూడడుగుల లోతు గుంట (764 లీటర్లు పడుతుంది) కట్టి, అందులో ఫ్లోట్ స్విచ్ (నీటిమట్టం పెరిగితే తనంతట తానే ఆన్ అయ్యే స్విచ్) ఉన్న అర హార్స్‌పవర్ డ్రైనేజీ పంపు పెట్టాలి. కానీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదన్నది మనందరికీ గుర్తే. పంపు అవసరం పడేది సరిగ్గా అలాంటి రోజునే. అందుకే డాబా నీళ్ళు, వెనక కాలువ నీళ్ళు వాటంతో వాటంతట అవే పోయేలా చూసి, జాలీ కాలువ నీళ్ళు మాత్రమే ఆ గుంటలోకి వదలండి. పంపుని ఇన్వర్టర్‌కి కలపండి.

ఇంకుడు గుంత మంచిదే, వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణకి రాష్ట్రం చేసిన చట్టం) కూడా వాన నీటిని ఇంకించమంటుంది. అయితే మీ ఇంటికి అది గ్యారేజీకి పల్లం వైపు, పునాదికి కనీసం పదడుగుల దూరంలో ఉండాలి. ఎగువ వైపు తవ్వారంటే మీ ఊట మీరే పెంచుకుంటారు. తవ్వే ముందు రెండడుగుల లోతు గొయ్యి తీసి నీళ్ళు పోసి ఇంకనివ్వండి, మళ్ళీ పోసి గంటకి ఎంత దిగిందో కొలవండి. అంగుళం కూడా దిగకపోతే దాని మీద ఆధారపడకండి. పొంగితే పోవడానికి పైపు ఎలాగూ ఉండాలి.

ఫ్లోరింగ్ విషయం. ఆరు అంగుళాలు లేపితే గ్యారేజీకీ ఇంటికీ మధ్య ఉన్న గోడలో డీపీసీ పట్టీ, అంటే నేల చెమ్మ గోడకి ఎక్కకుండా వేసిన పొర, కొత్త గచ్చు కంటే కిందికి పోతుంది. అప్పుడు చెమ్మ దాన్ని దాటి మీ హాలు గోడకి ఎక్కుతుంది. ఊట ఉన్న గచ్చు మీద ఎపాక్సీ కూడా పొక్కులు వస్తుంది. పై పనులన్నీ అయ్యి, ఒక వానాకాలం గడిచి, నేల ఆరాక అప్పుడు ఉన్న మట్టానికే గచ్చు తిరగ వేయించండి. 18 అడుగుల పొడవుకి వెనక నుంచి ముందుకి రెండున్నర అంగుళాల వాటం చాలు. ఈలోగా ప్లగ్ పాయింట్లు, ఇన్వర్టర్ బ్యాటరీలు, చార్జర్ ఏవైనా ఉంటే నేల నుంచి మూడు నాలుగు అడుగులు పైకి మార్పించి, ఆ లైనుకి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను కట్టేసే స్విచ్) పెట్టించండి. నీళ్ళు నిలిచినప్పుడు మెయిన్ కట్టేయకుండా లోపల అడుగు పెట్టకండి.

తవ్వకం పనులన్నీ సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి ఏప్రిల్ లోపు ముగించండి. ఇప్పటికిప్పుడు తుపాను హెచ్చరిక వస్తే తవ్వడం కాదు, కాలువ నోళ్ళు శుభ్రం చేసి, గేటు దగ్గర ఇసుక బస్తాలు వేసి, కారు ఎత్తైన చోట పెట్టి రండి.

మేస్త్రికి ఆఖరి బిల్లు ఇచ్చే ముందు జాలీలు బిగించనివ్వకండి. వెనక చివర నుంచి నాలుగైదు డ్రమ్ముల నీళ్ళు పోయించి, అవి వీధి కాలువ దాకా వెళ్ళేవరకూ వెంట నడిచి చూడండి. మధ్యలో ఎక్కడ నిలిచినా ఆ చోటు గుర్తుపెట్టి, అదే రోజు పగలగొట్టి వాటం సరిచేయించండి.